జుట్టు మార్పిడికి ముందు వేసుకోవలసిన లెక్కలు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జుట్టు మార్పిడి చేసే క్లినిక్‌కు ఫోన్ చేస్తే, గ్రాఫ్టుకు, అంటే తీసి నాటే ఒక్కో వెంట్రుకల గుత్తికి ఎంత, మొత్తం ఎన్ని గ్రాఫ్టులు, వాయిదాల్లో కడతారా అనే దగ్గరికి మాట చాలా త్వరగా వచ్చేస్తుంది. నిజానికి ధర చివర అడగవలసిన ప్రశ్న. జుట్టు ఎందుకు రాలుతోంది, ఆ రాలడం ఆగిందా ఇంకా సాగుతోందా, తల వెనుక భాగంలో తీయడానికి ఎంత జుట్టు ఉంది అనే మూడు విషయాలు తేలకుండా శస్త్రచికిత్సకు తేదీ తీసుకోకూడదు. ఈ శస్త్రచికిత్స కొత్త జుట్టును పుట్టించదు, రాలుతున్న జుట్టును ఆపదు. ఉన్నదాన్ని ఒకచోటి నుంచి తీసి మరోచోట పెడుతుంది, తీసినచోట అది మళ్లీ మొలవదు. మందులు ఎప్పుడు, ఎంతకాలం వాడాలి, ఆపరేషన్ ఏ వయసులో, ఎవరి చేత చేయించుకోవాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ ఒక్క వాస్తవం నుంచే వస్తుంది.

కారణం తేలనిదే చికిత్స లేదు

మన తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో కుదురు రెండు నుంచి ఆరేళ్ల పాటు వెంట్రుకను పెంచి, తర్వాత మూడు నెలలపాటు విశ్రాంతి తీసుకుని, ఆ పాత వెంట్రుకను వదిలేసి మళ్లీ కొత్తదాన్ని మొదలుపెడుతుంది. అందువల్ల రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం జబ్బు కాదు. మూడు రోజులకోసారి తలస్నానం చేసేవారికి మూడు రోజులవీ ఒక్కసారే చేతికి వస్తాయి కనుక భయం ఎక్కువగా కలుగుతుంది.

డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ వంటి జ్వరాలు, కాన్పు, పెద్ద ఆపరేషన్, తక్కువ కాలంలో ఎక్కువ బరువు తగ్గించే తిండి నియమాలు శరీరాన్ని కుదిపినప్పుడు అనేక కుదుళ్లు ఒకేసారి విశ్రాంతి దశకు వెళ్లిపోతాయి. రాలడం మాత్రం రెండు మూడు నెలలు గడిచాక గానీ కనిపించదు. అప్పటికి జ్వరం సంగతి మరచిపోయి, మారిన షాంపూనో కొత్త అద్దె ఇంట్లోని బోరు నీళ్లనో తప్పుపడతాం. దువ్వెన నిండా జుట్టు వచ్చినా ఈ రకం రాలుడులో కుదుళ్లు చావవు. మూలకారణం తొలగితే ఆరు నెలల ప్రాంతంలో చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. ఈ దశలో ఎవరైనా ఆపరేషన్ సూచిస్తే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది. వేల రూపాయల ఇంజెక్షన్ల ప్యాకేజీ కూడా ఇక్కడ అవసరం లేదు. తనంతట తానే తిరిగి వచ్చే జుట్టు ఆ ప్యాకేజీ ఖాతాలో జమ అవుతుంది, దాన్ని చూసి పక్కింటివారు కూడా అక్కడికే వెళ్తారు.

పేనుకొరుకుడు వేరే జబ్బు. రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు పోతుంది. శరీర రక్షణ వ్యవస్థ తన కుదుళ్లపైనే దాడి చేయడం దీనికి కారణం. మచ్చలు కొద్దిగా ఉంటే చర్మవైద్యులు వాటిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. పెద్దవారిలో తీవ్రంగా ఉన్నప్పుడు వాడడానికి బారిసిటినిబ్ అనే మాత్రకు 2022లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఈ జబ్బు చురుగ్గా ఉన్న తలలో జుట్టు నాటితే, నాటిన కుదుళ్లపైనా అదే దాడి జరగవచ్చు.

ఇంతకంటే జాగ్రత్తగా చూడవలసింది మచ్చకట్టే రకం. తలపై మంట, దురద, నొప్పి, వెంట్రుక మొదట్లో ఎరుపు, పొట్టు కనిపించి, జుట్టు పోయినచోట రంధ్రాలు కూడా మూసుకుపోయి చర్మం మెరుస్తూ ఉంటే, కుదుళ్లు శాశ్వతంగా నాశనమవుతున్నాయని అనుమానించాలి. లైకెన్ ప్లానోపైలారిస్ అటువంటి జబ్బు. దాన్ని గుర్తించడానికి చిన్న చర్మం ముక్క తీసి పరీక్షకు పంపవలసి రావచ్చు. ఇక్కడ ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే కనుక, ఈ లక్షణాలు ఉన్నవారు జుట్టు క్లినిక్‌ల ధరలు పోల్చుకోవడం పక్కనపెట్టి వెంటనే చర్మవైద్యులను కలవాలి.

ఆడవారిలో పాపిడి వెడల్పవుతూ మాడు పలచబడడం ఎక్కువగా కనిపించే తీరు. వారికి హిమోగ్లోబిన్, శరీరంలోని ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించడం ఉపయోగకరం. నెలసరి సక్రమంగా లేకపోవడం, గడ్డం దగ్గర అవాంఛిత రోమాలు, మొటిమలు కూడా ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. రక్తపరీక్షకు వెళ్లేముందు ఒక జాగ్రత్త అవసరం. జుట్టు కోసమని అమ్మే బిళ్లలలో బయోటిన్ పెద్ద మోతాదులో ఉంటుంది. అది థైరాయిడ్ పరీక్షనూ, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షనూ తప్పుదారి పట్టించగలదని ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ఆ బిళ్లలు వాడుతున్నట్టు వైద్యులకు, ల్యాబ్ వారికి ముందే చెప్పాలి.

ఇక మగవారిలో ఎక్కువగా కనిపించేది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోనుకు నుదుటి మీది, కణతల మీది, మాడు మీది కుదుళ్లు తట్టుకోలేక, ప్రతి విడతలోనూ ముందటికంటే సన్నని, పొట్టి వెంట్రుకను పెంచుతూ చివరకు నూగుగా మిగులుతాయి. తల వెనుక, చెవుల పైన ఉన్న కుదుళ్లకు ఆ బలహీనత సాధారణంగా ఉండదు. ఇది మేనమామ పోలిక మాత్రమేనని మన ఇళ్లలో అంటారు గానీ, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా రావచ్చు. దీని తీవ్రతను మగవారిలో 7 దశలున్న నార్వుడ్ కొలతతో, ఆడవారిలో 3 దశలున్న లుడ్విగ్ కొలతతో చెబుతారు. మీరు ఏ దశలో ఉన్నారో వైద్యులనే అడిగి, ట్రైకోస్కోప్ అనే భూతద్దంతో సన్నబడిన వెంట్రుకలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించమని కోరండి. ఈ పరీక్ష చేయకుండా గ్రాఫ్టుల సంఖ్య చెప్పేవారి అంచనాకు విలువ లేదు.

హెల్మెట్ వల్ల బట్టతల రాదు. ఉప్పు నీళ్లు వెంట్రుకను గరుకుగా మార్చి తెగేలా చేయవచ్చు గానీ కుదురును చంపవు. గుండు కొట్టించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకానికీ ఆధారం లేదు, ఎందుకంటే క్షురకుడి కత్తి చర్మం కింది కుదురును తాకదు. కొత్తగా వచ్చే వెంట్రుక కొన మొద్దుగా ఉండడం వల్ల అలా అనిపిస్తుంది. తిరుమలలో తలనీలాలు సమర్పించడం భక్తికి సంబంధించినది, వైద్యంగా దాన్ని లెక్కించకూడదు.

మందులకు ఒక ఏడాది ఇవ్వాలి

వంశపారంపర్య బట్టతల అని తేలాక కూడా మొదటి అడుగు మందులే కావాలని నా గట్టి అభిప్రాయం. రాలడం ఆపకుండా ముందుభాగంలో జుట్టు నాటితే, నాటినది నిలిచి, దాని వెనుక ఉన్న సొంత జుట్టు పోతూ, కొన్నేళ్లకు నుదుటి మీద ఒక వరుస, దాని వెనుక ఖాళీ మిగులుతాయి. ఆ రూపం బట్టతలకంటే అసహజంగా ఉంటుంది.

మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు వాడిన మాత్ర. వాడినవారికి ఒంటి మీద రోమాలు పెరగడం గమనించి దాన్ని తలకు రాసే ద్రవంగా మార్చారు. మగవారికి 2 శాతం ద్రవానికి 1988లో, 5 శాతానికి 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. మగవారు సాధారణంగా 5 శాతం ద్రవాన్ని రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 1 మిల్లీలీటరు చొప్పున, జుట్టుకు కాకుండా చర్మానికి తగిలేలా రాయాలి. మొదటి రెండు నుంచి ఎనిమిది వారాల్లో జుట్టు ఎక్కువగా రాలవచ్చు. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటు ఇవ్వడం వల్ల ఇలా జరుగుతుంది. చాలామంది ఇక్కడే భయపడి సీసా పక్కన పడేస్తారు. ఫలితం చూడడానికి కనీసం నాలుగు నెలలు, సరిగ్గా తేల్చుకోవడానికి ఏడాది కావాలి. మానేస్తే వచ్చిన లాభం మూడు నాలుగు నెలల్లో పోతుంది. నెత్తి దురద, పొట్టు, ముఖం మీద రోమాలు దీని ఇబ్బందులు. ఇంట్లో పిల్లి ఉంటే మరింత జాగ్రత్త అవసరం, ఈ మందు కొద్దిగా నాకినా పిల్లి ప్రాణానికే ముప్పు. ఇదే మందును చిన్న మోతాదు మాత్రగా కూడా ఇప్పుడు వైద్యులు రాస్తున్నారు. అది బట్టతల కోసం అధికారికంగా అనుమతి పొందిన వాడుక కాదు. కాళ్ల వాపు, గుండె దడ రావచ్చు కాబట్టి రక్తపోటు, గుండె స్థితి చూపించుకోకుండా మందుల షాపులో అడిగి కొనకూడదు.

ఫినాస్టెరైడ్ పని వేరు. టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైమును అడ్డుకుని, రక్తంలో డీహెచ్‌టీని సుమారు 70 శాతం తగ్గిస్తుంది. ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా 1992లో వచ్చి, మగవారి బట్టతలకు 1 మిల్లీగ్రాము మోతాదులో 1997లో అనుమతి పొందింది. ఉన్న జుట్టును నిలబెట్టడంలో దీనికి మంచి ఆధారాలున్నాయి. అయితే దీని గురించి మన దగ్గర సగం మాటలే చెబుతారు, లేదా అతిగా భయపెడతారు. అనుమతికి ముందు జరిగిన పరీక్షలలో లైంగిక సంబంధమైన ఇబ్బందులు మందు వాడినవారిలో 3.8 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.1 శాతానికి వచ్చాయి. చాలామందిలో మానేశాక అవి తగ్గుతాయి, కొందరు మానేసిన తర్వాత కూడా కొనసాగాయని చెప్పారు. మానసిక కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు కూడా దుష్ప్రభావాలుగా నమోదయ్యాయి. ఆత్మహత్య ఆలోచనలు దీని దుష్ప్రభావమేనని 2025లో యూరప్ ఔషధ సంస్థ ధ్రువీకరించింది. డిప్రెషన్ చరిత్ర ఉన్నవారు దాన్ని దాచకుండా వైద్యులకు చెప్పాలి, వాడుతున్నప్పుడు మనసు బరువెక్కితే మాత్ర ఆపి వెంటనే వైద్యులను కలవాలి. సంతానం కోసం ప్రయత్నిస్తున్నవారు ఆ మాట కూడా ముందే చెప్పాలి. గర్భిణులు ఈ మాత్రను వాడకూడదు, విరిగిన ముక్కను చేత్తో కూడా పట్టుకోకూడదు, ఎందుకంటే కడుపులోని మగశిశువు జననాంగాల ఎదుగుదలకు హాని జరగవచ్చు. వాడుతున్నవారు రక్తదానం చేయాలంటే చివరి మాత్ర తర్వాత కనీసం నెల ఆగాలి. యాభై దాటినవారు ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ పరీక్ష చేయించుకుంటే, ఈ మందు ఆ అంకెను సుమారు సగానికి తగ్గిస్తుందని పరీక్ష చూసే వైద్యులకు గుర్తుచేయాలి.

డ్యుటాస్టెరైడ్ ఇంతకంటే బలమైనది. దక్షిణ కొరియాలో, జపాన్‌లో బట్టతలకు అనుమతి ఉంది, అమెరికాలో లేదు. శరీరంలో నెలల తరబడి నిలిచి ఉంటుంది కనుక, ఇబ్బంది వస్తే మాత్ర ఆపిన వెంటనే తీరదు. అందువల్ల మొదటి మందుగా దీన్ని ఎంచుకోవడం నాకు సమంజసంగా తోచదు.

పీఆర్‌పీ అంటే మన రక్తాన్నే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని నెత్తిలోకి సూదులతో ఎక్కించడం. కొన్ని చిన్న అధ్యయనాలలో వెంట్రుకల సాంద్రత పెరిగింది, కానీ ఒక్కో క్లినిక్ ఒక్కో పద్ధతిలో తయారు చేయడం వల్ల ఒకచోటి ఫలితాన్ని మరోచోట ఆశించలేం. మందులకు తోడుగా, డబ్బు ఇబ్బంది లేనివారు ప్రయత్నించవచ్చు. మందులు మాని దీన్ని మాత్రమే చేయించుకోవడం సరికాదు. తక్కువ శక్తి లేజర్ దువ్వెనలు, టోపీల సంగతీ దాదాపు ఇంతే. వాటివల్ల హాని తక్కువ, లాభం కొద్దిపాటిది, వారానికి మూడు సార్లు ఏళ్ల తరబడి వాడే ఓపిక కావాలి.

గుంటగలగరాకు నూనె, మందారాకు ముద్ద, ఉసిరి, ఉల్లిరసం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రోటీను పోకుండా కాపాడుతుందని ప్రయోగాలలో తేలింది, కాబట్టి తెగిపోవడం తగ్గుతుంది. అయితే డీహెచ్‌టీ వల్ల సన్నబడిన కుదురును ఇవి తిరిగి బలపరచినట్టు నమ్మదగిన పెద్ద పరీక్షలు లేవు. అమ్మమ్మ రాసే నూనె మానమని నేను చెప్పను, దాని మీదే ఆధారపడి రెండేళ్లు పోగొట్టుకోవద్దని మాత్రం చెబుతాను. ఇక్కడ ఒక చట్టం సంగతి తెలిసి ఉండాలి. మన ఔషధ నియమావళిలోని జె షెడ్యూలులో, నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడని జబ్బుల జాబితాలో బట్టతల ఉంది. అందువల్ల బట్టతలను నయం చేస్తామని ఒక మందు డబ్బా మీద రాశారంటే, ఆ మాటే నియమాలకు విరుద్ధం.

నాటడానికి ఎంత జుట్టు ఉంది

1950లలో న్యూయార్క్‌లో నార్మన్ ఒరెంట్రైచ్ అనే చర్మవైద్యుడు, తల వెనుక నుంచి తీసిన వెంట్రుక బట్టతల మీద నాటినా తన పాత స్వభావాన్నే నిలుపుకుంటుందని నిరూపించి 1959లో ప్రచురించాడు. ఈ శస్త్రచికిత్సకు పునాది అదే. ఇప్పుడు ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు కలిసి ఉన్న సహజమైన గుత్తిని గ్రాఫ్టు అంటారు. ఎఫ్‌యూటీ పద్ధతిలో తల వెనుక నుంచి సన్నని చర్మపు పట్టీ కోసి, కుట్లు వేసి, ఆ పట్టీని సూక్ష్మదర్శిని కింద గ్రాఫ్టులుగా విడదీస్తారు. అక్కడ గీతలాంటి మచ్చ మిగులుతుంది. ఎఫ్‌యూఈలో 1 మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే గుండ్రని పంచ్‌తో ఒక్కో గుత్తిని విడిగా తీస్తారు. చుక్కల్లాంటి మచ్చలు మిగిలినా, జుట్టు కొద్దిగా పెరిగితే కనిపించవు. మొక్కు తీర్చుకోవడానికి ఎప్పుడో ఒకప్పుడు గుండు చేయించుకుంటామని తెలిసినవారు ఈ తేడాను ముందే ఆలోచించాలి. ఎఫ్‌యూటీ గీత గుండు మీద స్పష్టంగా తెలుస్తుంది. నాటిన జుట్టు పూర్తిగా కుదురుకున్నాక గుండు చేయించుకుంటే అది మామూలు జుట్టులాగే మళ్లీ పెరుగుతుంది. క్లినిక్‌లు చెప్పే డీహెచ్‌ఐ, సఫైర్ వంటి పేర్లు ఎక్కువగా పనిముట్ల తేడాను చెబుతాయి. ఫలితం పనిముట్టు మీదకంటే చేయి మీద ఆధారపడుతుంది.

అసలు లెక్క ఇది. సహజంగా చదరపు సెంటీమీటరుకు 70 నుంచి 90 గుత్తులు ఉంటాయి. సగం సాంద్రత పోయేవరకూ పలచబడినట్టు కంటికి అంతగా తెలియదు కనుక, నాటేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 35 నుంచి 40 గుత్తులు పెడితే నిండుగా కనిపిస్తుంది. ముందు భాగంలో 50 చదరపు సెంటీమీటర్లు ఖాళీ అయితే 40 చొప్పున 2000 గ్రాఫ్టులు చాలు. నుదుటి నుంచి మాడు దాకా 200 చదరపు సెంటీమీటర్లు ఖాళీ అయితే 8000 కావాలి. కానీ చాలామందికి జీవితకాలమంతా కలిపి వెనుక భాగం నుంచి ఎబ్బెట్టుగా కనిపించకుండా తీయగలిగేది 5000, 6000 దగ్గర ఆగిపోతుంది. నారుమడిలో ఉన్న నారును బట్టే ఎన్ని సెంట్లు నాటగలమో తేలుతుంది. నార్వుడ్ కొలతలో ఆరో దశ బట్టతలకు కుర్రవాడి జుట్టు ఇస్తామని చెప్పేవారు ఈ గుణకారం చేయలేదనుకోవాలి, లేదా మీరు చేయరని అనుకున్నారు. అటువంటప్పుడు ముందు భాగాన్ని నింపి, మాడును పలచగా వదిలేయడం నిజాయితీగల ప్రణాళిక. గడ్డం నుంచి కొన్ని వెంట్రుకలు తీసి లోటు పూడ్చవచ్చు గానీ అవి మందంగా, బిరుసుగా ఉంటాయి కనుక ముందు వరుసలో పనికిరావు.

గ్రాఫ్టుకు ఇంత అని చెప్పేవారు కొన్నిసార్లు వెంట్రుకల సంఖ్యను గ్రాఫ్టుల సంఖ్యగా వినిపిస్తారు. 2000 గ్రాఫ్టులంటే సగటున 4000 వెంట్రుకలు. అంగీకార పత్రంలో రెండు అంకెలూ వేరువేరుగా రాయించుకోవాలి.

ఇరవై రెండేళ్ల కుర్రవాడు పెళ్లిచూపుల కోసమని పదో తరగతి నాటి ముందు వరుస కావాలని అడగడం, క్లినిక్ వారు సరేననడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే విషయం. ఆ వయసులో బట్టతల ఎంతవరకు వెళ్తుందో తెలియదు. తక్కువ ఎత్తులో గీసిన ముందు వరుసకు నిల్వ అంతా ఖర్చయితే, నలభై ఏళ్ల వయసులో వెనుక ఖాళీని పూడ్చడానికి ఏమీ మిగలదు. పాతికేళ్లు దాటి, కనీసం ఏడాది మందులు వాడి, అదే వెలుతురులో అదే కోణంలో తీసిన ఫోటోలలో రాలడం నిలకడగా ఉందని కనిపించాక, నలభై ఏళ్ల ముఖానికి కూడా నప్పే ముందు వరుసను ఎంచుకోవాలి. తల్లిదండ్రులు, పెళ్లి మధ్యవర్తులు ఈ విషయంలో పిల్లలపై ఒత్తిడి తేకుండా ఉంటే చాలు, ఎంతో మేలు జరుగుతుంది.

ఆడవారిలో చాలామందికి తల వెనుక భాగం కూడా పలచబడి ఉంటుంది. అక్కడి నుంచి తీసి నాటడం వల్ల ప్రయోజనం తక్కువ. పుట్టుకతో నుదురు ఎత్తుగా ఉన్నవారికి, జడ బిగించి లాగడం వల్ల కణతల దగ్గర జుట్టు పోయి ఆ అలవాటు మానినవారికి, పాత కాలిన మచ్చలు ఉన్నవారికి మాత్రం ఉపయోగపడవచ్చు. నిల్వ సరిపోనివారికి మంచి విగ్గు, హెయిర్ ప్యాచ్, నెత్తి మీద చుక్కల పచ్చబొట్టులా వేసే మైక్రోపిగ్మెంటేషన్ ఉన్నాయి, ఏమీ చేయకుండా జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడమూ ఉంది. వీటిలో ఏదీ ఓటమి కాదు.

ఎవరి చేతిలో తల పెడుతున్నాం

జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో జుట్టు మార్పిడిపై మార్గదర్శకాలు ఇచ్చింది. ప్లాస్టిక్ సర్జరీ లేదా చర్మవ్యాధుల విభాగంలో శిక్షణ పొందిన వైద్యులే ఇది చేయాలని, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూడడం శిక్షణ కిందికి రాదని అందులో ఉంది. కాన్పూర్‌లో జుట్టు మార్పిడి తర్వాత మరణించిన ఇద్దరు ఇంజనీర్ల విషయంలో 2025లో దంతవైద్య పట్టా ఉన్నవారిపై పోలీసు కేసు నమోదైంది. కనుక బోర్డు మీది పేరు చూసి ఊరుకోకుండా, వైద్యుల రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ వైద్య మండలి జాబితాలోనో జాతీయ కమిషన్ వెబ్‌సైట్‌లోనో డిగ్రీతో సహా సరిచూసుకోవాలి. డాక్టరు పేరు మీద తేదీ ఇచ్చి, ఆ రోజు టెక్నీషియన్లే మొత్తం చేసే పద్ధతి దేశవిదేశాల్లో ఉంది. ముందు వరుస గీసేది ఎవరు, మత్తు ఇచ్చేది ఎవరు, పంచ్‌తో తీసేది ఎవరు, గుంటలు చేసేది ఎవరు, నాటేది ఎవరు అని ఒక్కొక్కటిగా అడిగి, వైద్యులు గదిలో ఎంతసేపు ఉంటారో చెప్పించుకోవాలి. అమెరికా, గల్ఫ్‌లలో ఉండే మనవారు సెలవు మధ్యలో ఇస్తాంబుల్‌లోనో హైదరాబాద్‌లోనో చేయించుకునేటప్పుడు ఇవే ప్రశ్నలు అడగాలి. తర్వాత వాపు వచ్చినా చీము పట్టినా ఎవరు చూస్తారన్నది వారు అదనంగా తేల్చుకోవాలి.

దీన్ని చిన్న విషయంగా చెప్పడం పొరపాటు. ఆరేడు గంటలు సాగే పనిలో మత్తుమందు విడతలు విడతలుగా ఇస్తారు. ఇందుకు వాడే, ఆడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ అనే మత్తుమందుకు కిలో బరువుకు సుమారు 7 మిల్లీగ్రాములే పరిమితి. అది దాటితే మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఆక్సిజన్, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, అత్యవసర మందులు గదిలోనే ఉండాలి, దగ్గరలోని ఐసీయూ ఏదో ముందే నిర్ణయమై ఉండాలి. షుగరు, బీపీ, రక్తం పలచబడే మందులు, గతంలో మందులు పడకపోవడం, గాయం మానినచోట మచ్చ గడ్డలా ఉబ్బే తత్త్వం ఏవీ దాచకూడదు. రక్తం పలచబడే మాత్రలను, ముఖ్యంగా స్టెంటు ఉన్నవారు, గుండె వైద్యులను అడగకుండా ఆపకూడదు. పొగతాగేవారు మానాలి, ఎందుకంటే అది నెత్తి చర్మానికి రక్తప్రసరణ తగ్గించి గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఖర్చు విషయంలో రెండు మాటలు. వైద్య సేవలకు ఉన్న జీఎస్టీ మినహాయింపు పుట్టుకతో వచ్చిన లోపాలకో గాయాలకో చేసేవి తప్ప జుట్టు మార్పిడికి వర్తించదు, కాబట్టి చెప్పిన ధరలో పన్ను కలిసి ఉందో లేదో అడగాలి. అందం కోసం చేయించుకునే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా సాధారణంగా డబ్బు ఇవ్వదు. ఈ రోజే అడ్వాన్సు కడితే తగ్గింపు అన్నచోట ఆ రోజు కట్టకండి. ఇద్దరు వేర్వేరు వైద్యుల అభిప్రాయం తీసుకోండి, వారిలో ఒకరు ఆపరేషన్ చేయని చర్మవైద్యులైతే మరీ మంచిది.

ఆపరేషన్ తర్వాతి ఏడాది

మూడు నాలుగు రోజులకు నుదురు, కళ్ల చుట్టూ వాపు రావచ్చు, అది దానంతట అదే దిగుతుంది. పక్కులు వారం నుంచి పది రోజుల్లో రాలుతాయి. వాటిని గోళ్లతో పీకితే గ్రాఫ్టు కూడా ఊడిరావచ్చు. రెండు నుంచి ఆరు వారాల మధ్య నాటిన వెంట్రుకల్లో చాలా భాగం రాలిపోతాయి. కుదురు లోపలే ఉంటుంది, వెంట్రుకే పోతుంది. మూడు నాలుగు నెలలకు సన్నగా మొలకలు కనిపించి, ఆరు నెలలకు కొంత, ఏడాదికి చాలావరకు ఫలితం తెలుస్తుంది. మాడు మీద ఏడాదిన్నర పట్టవచ్చు. కనుక పెళ్లి ముహూర్తానికి రెండు నెలల ముందు చేయించుకుంటే, పెళ్లి ఫోటోలలో ముందుకంటే తక్కువ జుట్టుతో కనిపించే అవకాశం ఉంది. జ్వరం, పెరుగుతున్న నొప్పి, చీము, చర్మం నల్లబడడం ఉంటే మాత్రం ఎదురుచూడకుండా అదే రోజు వైద్యులను కలవాలి. నాటని సొంత జుట్టును కాపాడే మందులు తర్వాత కూడా కొనసాగించాలి. వాటి నెలవారీ ఖర్చును మొదటి రోజే బడ్జెట్‌లో వేసుకోవాలి.

ఏడాది నిండకుండా రెండో విడతకు తొందరపడకండి. నిర్లక్ష్యం వల్ల హాని జరిగిందనిపిస్తే, ఆపరేషన్ ముందు ఫోటోలు, అంగీకార పత్రం, గ్రాఫ్టుల లెక్క, బిల్లు, మందుల చీటీలు, వాట్సాప్ సంభాషణలు భద్రపరచి, మరో నిపుణుడి చేత రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకుని, రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. పరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలంటే 2019 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఎక్కడ, ఎలా దాఖలు చేయాలో చెబుతారు.